కాకతీయుల గుడి, కాకతీయులను ఎదిరించిన గద్దె: ములుగును చూడటం ఎలా?

హైదరాబాద్ నుంచి ములుగు వైపు నడిచే టూర్ ప్యాకేజీలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పొద్దున రామప్ప గుడి, మధ్యాహ్నం లక్నవరం చెరువు, సాయంత్రం మేడారం గద్దెలు, మర్నాడు బొగత జలపాతం. రెండు రోజుల్లో జిల్లా చూసేసినట్టే అనిపిస్తుంది. కానీ ఈ దారిలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పొద్దున మనం కళ్లార్పకుండా చూసిన గుడిని కట్టించింది కాకతీయుల సేనాని. సాయంత్రం మనం బెల్లం సమర్పించి మొక్కే గద్దెల మీద కొలువైనది కాకతీయుల సైన్యంతో పోరాడిన తల్లీకూతుళ్లు సమ్మక్క, సారలమ్మ. ఆ రెండు చోట్ల మధ్య దూరం గంటా గంటన్నర ప్రయాణం మాత్రమే.

ఇవి పక్కపక్కన ఉన్న రెండు టూరిస్టు స్పాట్లు కావు. ఒకే చరిత్రకు రెండు వైపులు. ఒక వైపు రాతి మీద చెక్కి ఉంది, ఇంకో వైపు పాటలో ఉంది. రెండూ ఇదే నేల మీద ఎందుకు పుట్టాయో తెలియాలంటే ముందు గుడికి కాదు, చెరువు దగ్గరికి వెళ్లాలి.

చెరువు ముందు, గుడి తర్వాత

ములుగు నేల చదునుగా ఉండదు. గుట్టలు, గుట్టల మధ్య పల్లాలు, వాటిలోంచి పారే వాగులు. వాన ఏడాదిలో మూడు నాలుగు నెలలే. పడిన నీరు వాగుల్లో చేరి గోదావరికి పోతుంది. ఇక్కడ వరి పండాలంటే పోయే నీటిని ఆపాలి. కాకతీయుల కాలంలో దానికి ఎంచుకున్న పద్ధతి చాలా తెలివైనది. రెండు గుట్టలు దగ్గరకొచ్చే చోటు చూసి, ఆ సందులో మట్టికట్ట పోశారు. మిగతా వైపులా గుట్టలే గోడలు కాబట్టి, తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలిచింది. పొలాలకు నీళ్లు వదలడానికి తూములు పెట్టారు. చెరువు నిండితే కట్ట తెగకుండా అదనపు నీరు పొర్లిపోవడానికి మత్తడి కట్టారు. మత్తడి దూకిన నీరు కిందనున్న చెరువులను నింపుతుంది.

రామప్ప చెరువు, లక్నవరం, ఇప్పటి వరంగల్ జిల్లాలోని పాకాల, భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువు, అన్నీ ఈ పద్ధతిలోనే వెలిశాయి. సుమారు 800 ఏళ్ల తర్వాత కూడా వీటి కింద ఆయకట్టు సాగుతోంది. ఇంతకాలం మొదట కట్టిన పనికోసమే వాడుకలో ఉన్న కట్టడాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? నన్నడిగితే ములుగు జిల్లాలో అన్నిటికంటే గొప్ప కట్టడం రామప్ప గుడి కాదు, దాని పక్కనున్న చెరువుకట్ట.

లక్నవరంలో వేలాడే వంతెన మీద నిలబడి చూస్తే నీటి మధ్య దీవులు కనిపిస్తాయి. అవి చెరువు నిండినప్పుడు మునగకుండా మిగిలిన గుట్టల తలలు. ఎండాకాలంలో వెళ్లి, నీళ్లు తగ్గిపోయాయని నిరాశపడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ నీరు యాసంగి వరికి పోయింది. చెరువు తగ్గిందంటే తన పని తాను చేసిందని అర్థం.

ఈ చెరువులను రాజు ఒక్కడే తవ్వించలేదు. సామంతులు, సేనానులు, మంత్రుల కుటుంబాలు పోటీపడి కట్టించాయి. పుణ్యం కోసం అన్నది నిజమే, దానితో పాటు లాభమూ ఉంది. చెరువు వేసినవాళ్లకు ఆయకట్టులో వాటా భూమి ఇచ్చే దశబంధం పద్ధతి శాసనాల్లో కనిపిస్తుంది. చెరువు పడితే వరి పండుతుంది, వరి పండితే ఊరు నిలుస్తుంది, ఊరికి గుడి వస్తుంది, గుడికి మాన్యాలు, రాజుకు పన్ను. అప్పటిదాకా అడవిగా ఉన్న చోటు అలా రాజ్యంలో భాగమవుతుంది. చెరువు, ఊరు, గుడి కలిపి వేయడం కాకతీయుల పద్ధతి అని మనం పాఠాల్లో చదువుకున్నాం. ఆ పద్ధతి అడవి అంచున ఆగలేదు, అడవిలోకి జరుగుతూ పోయింది. రామప్ప ఉన్న పాలంపేట ఆ అంచు మీద వెలిసిన ఊరే.

మరి అప్పటికే ఆ అడవిలో ఉన్నవాళ్ల సంగతి? శాసనాలు చెరువు వేయించినవారి వంశాన్ని పొగుడుతాయి, దానమిచ్చిన భూముల హద్దులు చెబుతాయి. అడవిలో వేటాడుకుని, ఇప్పపువ్వు ఏరుకుని, పోడు కొట్టుకుని బతికేవాళ్లకు రాజ్యం తమ దాకా రావడం ఎలా అనిపించిందో చెప్పవు. అది చెప్పేది సమ్మక్క కథ. ఆ కథలో గొడవ దేనితో మొదలవుతుందో గమనించండి. కరువొచ్చింది, చెరువులు ఎండాయి, కప్పం కట్టలేమన్నారు, సైన్యం వచ్చింది.

రామప్ప: మెచ్చుకోవాల్సినవి, నిలబెట్టి అడగాల్సినవి

ఆవరణలోని శాసనం ప్రకారం, రామప్ప గుడి అని పిలిచే ఈ రుద్రేశ్వరాలయాన్ని 1213లో కట్టించింది రేచర్ల రుద్రుడు. అప్పుడు ఓరుగల్లును ఏలుతున్నది గణపతిదేవుడు. రామప్ప అన్నది ప్రధాన శిల్పి పేరని జనం చెప్పుకుంటూ వచ్చిన మాట. శాసనం పొగిడింది సేనానిని, జనం గుర్తుపెట్టుకున్నది శిల్పిని. కట్టడానికి 40 ఏళ్లు పట్టిందన్నది కూడా ఇలా వినవస్తున్న మాటే.

శిల్పం గురించి ఎంత చెప్పినా తక్కువే. గోడలు ఇసుకరాయి, స్తంభాలూ దూలాలూ గ్రానైటు, డోలరైటు రాళ్లు. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికల (స్త్రీమూర్తుల) నల్లరాయి ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. గైడ్లు దాన్ని తప్పకుండా చూపిస్తారు. నేను చూడమనేది లోపలి రంగమండపం స్తంభాల మీది నర్తకులను, మద్దెలగాళ్లను. గణపతిదేవుడి దగ్గర గజసైన్యాధిపతిగా ఉన్న జాయప సేనాని 13వ శతాబ్దం మధ్యలో నాట్యం గురించి 'నృత్తరత్నావళి' రాశాడు. 20వ శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ముందు పెట్టుకుని పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆగిపోయిన నాట్యాన్ని రాతి మీద చూసి తిరిగి నేర్చుకున్నారంటే, ఆ శిల్పులు భంగిమలను ఎంత కచ్చితంగా చెక్కారో ఊహించవచ్చు.

ఇక రెండు మాటలు రామప్ప గురించి ఎక్కడైనా వినిపిస్తాయి: నీటిలో తేలే ఇటుకలు, ఇసుక పునాది. రెండూ నిజమే. అయితే వాటిని మహిమలుగా చెప్పడం వల్ల అసలు గొప్పతనం మరుగున పడుతోంది. ఇటుకలు తేలడానికి కారణం వాటి నిండా ఉన్న సన్నని రంధ్రాలు. అవి శిఖరానికి మాత్రమే వాడారు. ఎందుకంటే ఈ నేల మీద బరువు తగ్గించడం కట్టేవాళ్ల మొదటి అవసరం. గర్భగుడి మీద పూర్తి రాతి శిఖరం పెడితే ఆ భారమంతా గోడల మీదా పునాది మీదా పడుతుంది. పునాది కోసం గొయ్యి తీసి ఇసుక నింపారు. చుట్టూ కట్టుదిట్టంగా ఉంటే ఇసుక బరువును అన్ని వైపులా పంచుతుంది, భూమి కదిలినప్పుడు అదురును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. పైన బరువు తగ్గించడం, కింద బరువు పంచడం, రెండూ కలిసి ఒకే ఆలోచన.

అంతమాత్రాన గుడికి ఏమీ కాదనుకోవద్దు. రంగమండపంలో నేల ఎగుడుదిగుడుగా ఉండటం ఎవరికైనా కనిపిస్తుంది. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్ దాకా ఇళ్లు అదిరాయి. గుడి నిలిచింది. ఇసుక పునాది వల్లేనని ఆ రోజే ఫోన్లలో సందేశాలు తిరిగాయి. పునాది పాత్ర ఉండే ఉంటుంది, కానీ ఒక్క భూకంపాన్ని తట్టుకున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండే వీల్లేదు. అదే ఆవరణలో పక్కనున్న కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టాలని పురావస్తు శాఖ రాయి రాయిగా విప్పింది, ఆ రాళ్లు ఏళ్ల తరబడి కుప్పలుగా పడి ఉండిపోయాయి. ఒకసారి విప్పిన కట్టడాన్ని మళ్లీ నిలబెట్టడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

2021 జులై 25న యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇది. యునెస్కో వర్ణనలో గుడితో పాటు చుట్టూ ఉన్న గుట్టలు, పొలాలు, చెరువు కూడా ఉన్నాయి. ఈ మాట అందరికీ తెలియాలి. గుడి చుట్టూ హోటళ్లు, షాపులు లేస్తే గుర్తింపు దేనికి వచ్చిందో అదే పోతుంది. వచ్చేవాళ్లు చాలామంది గుడి చూసి వెనక్కి తిరుగుతారు. కొద్ది దూరంలోనే ఉన్న చెరువుకట్ట ఎక్కితే గుడి అక్కడ ఎందుకుందో అర్థమవుతుంది. దయచేసి ఎక్కండి.

మేడారం: శాసనం లేని చరిత్ర

కథ క్లుప్తంగా ఇది. వేటకు వెళ్లిన కోయ దొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప దొరికింది. ఆమె సమ్మక్క. పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడింది. వాళ్ల పిల్లలు సారలమ్మ, నాగులమ్మ, జంపన్న. కరువు కాలంలో కప్పం కట్టలేదని ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ, సారలమ్మ భర్త గోవిందరాజు పోరులో నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు. వెన్నుపోటు తగిలిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్లకు నెమలినార చెట్టు కింద కుంకుమ భరిణె దొరికింది.

ఇది నిజంగా జరిగిందా అని అడిగేవాళ్లుంటారు. కాకతీయుల శాసనాల్లో సమ్మక్క పేరు లేదు. కథకు రకరకాల రూపాలున్నాయి, ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. కాబట్టి ఏ సంవత్సరం, ఏ యుద్ధం అని తేల్చడం సాధ్యం కాదు. కానీ గెలిచినవాళ్ల దగ్గర శాసనాలు చెక్కించే డబ్బుంది, ఓడినవాళ్ల దగ్గర పాట మాత్రమే ఉంది. పాటకు శాసనం సాక్ష్యం చెప్పలేదని దాన్ని పక్కన పెడితే, అడవి వైపు చరిత్రంతా పక్కన పెట్టినట్టే. కోయల్లో డోలి కులస్తులు తరతరాలుగా పడిగెలనే గుడ్డ జెండాలు విప్పి, వాటి మీది బొమ్మలు చూపిస్తూ వీరుల కథలు పాడతారు. ఆ కథల్లో తెలుగులో ఎప్పుడూ వినని వంశాల వివరాలుంటాయి. అలా పాడే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయనలాంటివాళ్లు వెళ్లిపోతుంటే ఎన్ని కథలు పోతున్నాయో లెక్క లేదు. 2023లో పార్లమెంటు చట్టం చేసి ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేసింది. ఆ విశ్వవిద్యాలయం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఈ పడిగె కథలను కోయ భాషలోనే, పాడేవాళ్ల గొంతులోనే రికార్డు చేయడం. రామప్ప రాళ్లకు ఉన్నంత కాపలా ఈ గొంతులకు లేదు.

జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి వేళకు, నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును, కొండాయి నుంచి గోవిందరాజును పూజారులు అడవి దారుల్లో తెస్తారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. గుట్ట మీదికి పూజారులే వెళ్తారు, బయటివాళ్లకు ప్రవేశం లేదు. ఆమె దిగి వచ్చే వేళ జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ కాల్చి స్వాగతం చెబుతారు. ఒకప్పుడు రాజ్యం సైన్యాన్ని పంపిన మనిషికి ఇవాళ రాజ్యం తుపాకీతో వందనం చేస్తోంది. జాతరలో నన్ను ఎప్పుడూ కదిలించేది ఆ క్షణమే. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం.

ఇక్కడ విగ్రహాలు లేవు. గద్దెలు, వెదురు కర్రలు, కుంకుమ భరిణె. పూజారులు కోయలే, వాళ్లను వడ్డెలంటారు. బెల్లాన్ని బంగారమంటారు, మనిషి ఎత్తు తూచి సమర్పిస్తారు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇప్పుడు కోటి మందికి పైగా వస్తారని అంచనా. ఇంత జనం రావడంలో గౌరవముంది, ప్రమాదమూ ఉంది. అడవి తల్లుల జాతరను మామూలు గుళ్ల పద్ధతుల్లోకి లాగే ఒత్తిడి ఏటేటా పెరుగుతోంది. ఆర్చీలు, కాంక్రీటు, మైకులు వస్తూ వస్తూ వడ్డెల మాటను వెనక్కి నెట్టకూడదు. జాతర అయ్యాక అడవిలో మిగిలే ప్లాస్టిక్ సంగతి అక్కడి ఊళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది. మేడారం వెళ్లేవాళ్లు నీళ్ల సీసాలు, కవర్లు తిరిగి తమతో తీసుకెళ్లడం కనీస మర్యాద.

ఒక్కో చోటికి ఒక్కో చట్టం

ఇంత పేరున్న జిల్లాలో మంచి హోటల్ ఎందుకు లేదని వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అధికారుల నిర్లక్ష్యం అని తేలిగ్గా అనేస్తారు. నిజానికి ఇక్కడ ఒక్కో చోటు ఒక్కో చట్టం కింద ఉంది.

రామప్ప కేంద్ర పురావస్తు శాఖది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పాలంపేటలో ఇల్లు పెంచుకోవాలనుకునే రైతుకు అది ఇబ్బందే, గుడికి అది రక్ష. ఆ ఇబ్బంది పడుతున్న ఊరికి టూరిజం ఆదాయంలో భాగం దక్కాలి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయించడం చెల్లదు. బయటి పెట్టుబడిదారు వచ్చి రిసార్టుకు ఎకరాలు కొనడానికి వీలుండదు. ఇది అడ్డంకి అనేవాళ్లున్నారు. ఆ చట్టం లేకపోతే మేడారం చుట్టూ ఇవాళ కోయల చేతిలో గజం భూమి మిగిలేది కాదని నేను నమ్ముతాను. బస కావాలంటే తాడ్వాయి హట్స్, లక్నవరం దగ్గర హరిత కాటేజీల్లాంటివి ఉన్నాయి. ముందే బుక్ చేసుకోవాలి, అంతే.

ఇక అడవి. సుమారు 800 చదరపు కిలోమీటర్ల ఏటూరునాగారం అభయారణ్యాన్ని హైదరాబాద్ రాష్ట్రంగా ఉన్న రోజుల్లోనే ప్రకటించారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం మధ్య అడవిలో గాలివాన ఒక్క సాయంత్రం సుమారు 50 వేల చెట్లను పడగొట్టింది. అంత పెద్ద చెట్లు ఒకేసారి ఎందుకు కూలాయన్న దానిపై వేళ్లు లోతుకు దిగకపోవడం, నేల తడిసి మెత్తబడటం వంటి కారణాలు చెప్పారు. మూడు నెలలు దాటగానే భూకంపం వచ్చింది. ఈ నేల మనం అనుకున్నంత నిలకడైనది కాదు. అక్కడ పెద్ద నిర్మాణాలు తలపెట్టేవాళ్లు ముందు ఈ రెండు సంగతులు చూడాలి.

కాకతీయులకూ సమ్మక్కకూ ఎంతో ముందు ఇక్కడున్నవాళ్ల గుర్తులు తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర గుట్టల మీద ఉన్నాయి. పెద్ద పెద్ద రాతిపలకలను గోడల్లా నిలిపి, మీద ఇంకో పలక కప్పిన పెట్టెల్లాంటి సమాధులు. బృహచ్ఛిలా యుగంనాటివి. జనం రాకాసి గూళ్లంటారు. అంత బరువు పలకలు మనుషులు ఎత్తారంటే నమ్మలేక పెట్టిన పేరు. వీటికి మంచి దారి లేదు, కాపలా లేదు. నిధుల ఆశతో పలకలు పెకిలించిన ఆనవాళ్లున్నాయి. జిల్లాలో ముందుగా రక్షణ కావాల్సింది వీటికి.

గోదావరి అవతల

ములుగు జిల్లాకు పుట్టినరోజు 2019 ఫిబ్రవరి 17. అంతకుముందు భూపాలపల్లిలో భాగం, 2016కు ముందు వరంగల్. కానీ గోదావరి అవతలున్న వాజేడు, వెంకటాపురం మండలాల దారి వేరు. అవి నూగూరు తాలూకా. మేడారం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు అవి బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. తర్వాత తూర్పు గోదావరి జిల్లా, 1959 నుంచి ఖమ్మం. 2014లో భద్రాచలం వైపు కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినప్పుడు ఇవి తెలంగాణలో మిగిలాయి. అక్కడి పెద్దవాళ్లకు భూమి కాగితాలు ఒక రాష్ట్రం పేరుతో, రేషన్ కార్డు ఇంకో జిల్లా పేరుతో ఉండటం వింత కాదు.

వాజేడు మండలంలోనే బొగత. తెలంగాణ నయాగరా అని పేరు పెట్టారు. నాకా పేరు నచ్చదు, ఎందుకంటే బొగత బొగతలాగే బాగుంటుంది. చీకుపల్లి వాగు నల్లని రాతి మెట్ల మీదుగా వెడల్పుగా దూకుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా నీరు బాగా ఉంటుంది, వరద ఎక్కువైతే అధికారులు లోనికి వదలరు. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. గోదావరికి ఇవతల మంగపేట మండలం మల్లూరు గుట్ట మీద హేమాచల నరసింహస్వామి ఉంటాడు. అక్కడి చింతామణి ధార నీళ్లను జనం సీసాల్లో ఇళ్లకు తీసుకెళ్తారు.

బొగత చేరాలంటే ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి మీది వంతెన ఎక్కాలి. ఆ వంతెన రాకముందు వాజేడువాళ్లు ఇవతలికి రావాలంటే పడవ, లేదా భద్రాచలం చుట్టూ తిరిగి రోజంతా ప్రయాణం. అప్పుడు కూడా జాతర ఏడు ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి కోయలు నది దాటి మేడారం వచ్చేవాళ్లు. ఇప్పుడు వాళ్ల ట్రాక్టర్లు, జీపులు ఆ వంతెన మీదుగానే వస్తాయి. జాతర రోజుల్లో ఆ వైపు వెళ్లేవాళ్లు బొగతను ప్రయాణంలో పెట్టుకోవద్దు, మేడారం చుట్టూ కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోతుంది. రామప్ప, లక్నవరం చలికాలంలో, బొగత వానాకాలంలో, మేడారం జాతరకు ఒకసారి, జాతర లేని రోజుల్లో ఇంకోసారి. ఒక్క ట్రిప్పులో అన్నీ చూడాలనుకుంటే వదిలేయాల్సింది ఏదని అడిగితే బొగతను వదిలేయండి అంటాను, ఎందుకంటే వచ్చే వానాకాలం అది మళ్లీ ఉంటుంది. దామరవాయి సంగతి అలా చెప్పలేను.